చేసినోడే పేల్చాలె

దసరా వెళ్ళిన మూడో రోజు జగన్మోహనరావు సారు వర్ని బస్సు దిగి, గొడుగు ఊపుకుంటూ మా దుకాణం మెట్లెక్కాడు. ఆయన చంకలో గుడ్డసంచి చూడగానే నాకు తల పట్టేసింది. ఆ సంచిలో ఏముందో నాకు తెలుసు. దానికి ఏమైందో కూడా తెలుసు. ఏటా ఇదే తంతు.

మాది నిజామాబాదు గాజులపేటలో తుపాకులు బాగుచేసే దుకాణం. తాత పెట్టింది. లైసెన్సు మా బాపు రాజలింగు పేరు మీద ఉంది. నేను ఆయన ఒక్కగానొక్క బిడ్డను, చంద్రవ్వను. పెండ్లయిన మూడేళ్ళకే మా ఆయన బొంబాయి పోయి అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అది వేరే కథ, దాని కోపం వేరే. నేను తిరిగొచ్చి బాపు పక్కన కూర్చున్నాను. మొదట్లో కిరసనాయిలు గుడ్డతో తుడవడం నా పని. తర్వాత ఆకురాయి పట్టనిచ్చాడు. తర్వాత్తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది, పని మొత్తం నా ఒళ్ళోకి వచ్చింది. ఊరికి మాత్రం చేసేది రాజలింగే. నేను లోపల అన్నం వండే బిడ్డను. గిరాకీ వస్తే నేను ఆకురాయి కింద పెట్టి చాట పట్టుకోవాలి. చాటలో బియ్యం ఉన్నా లేకపోయినా సరే.

జగన్మోహనరావు సారుది మోస్రా దగ్గర క్యాంపు, అంటే ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. కృష్ణా జిల్లా నుంచి వాళ్ళ నాయన వచ్చి కాలువ కింద భూములు కొన్నాడు. వరి, చెరకు. సంచిలో ఉన్న రివాల్వరు కూడా ఆ నాయనదే, విలాయతిది. మంచి వస్తువు. పాపం దానికి ఈ ఇల్లు రాసిపెట్టి ఉంది. సారు దాంతో ఇంతవరకు కాల్చింది ఒకే ఒక్కసారి, చెరకులో దూరిన అడవిపంది మీద. అది ఇప్పటికీ ఆయన చెరకే తింటోందని క్యాంపులో చెప్పుకుంటారు.

"మేస్త్రీ, మళ్ళీ పట్టేసిందయ్యా. సిలిండరు తిరగటం లేదు," అంటూ సంచి బల్ల మీద పెట్టాడు.

బాపు విప్పాడు. లోపల రివాల్వరు పెండ్లికూతురిలా ఉంది. పసుపు, పసుపు మీద కుంకుమ, కుంకుమ మీద అంటుకున్న ఒక బంతిపువ్వు రెక్క. సారు వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ గారికి పూజంటే ప్రాణం. దసరాకు నాగలికి, కొడవలికి, నీళ్ళ ఇంజనుకు పెట్టినట్టే దీనికీ పెడుతుంది. పైపైన పెడితే ఎవరు కాదంటారు? ఆవిడ పసుపును నూనెలో ముద్దగా కలిపి, వేలు ఎంతవరకు పోతే అంతవరకు పూస్తుంది. అది ఎండి గచ్చులా బిగుస్తుంది.

రివాల్వరులో తూటాలు పట్టే గుండ్రటి సిలిండరుకూ, ముందున్న గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. పాత పేపరు ముక్క రెండు మడతలు పెడితే దూరాలి, మూడు మడతలు దూరకూడదు. అదీ మా ఇంటి లెక్క. సందు మరీ తక్కువైతే సిలిండరు గొట్టానికి రాసుకుని తిరగదు. మరీ ఎక్కువైతే పేలినప్పుడు నిప్పూ సీసం తునకలూ పక్కలకు చిమ్ముతాయి. ఆ సందులోనే సుబ్బరత్నమ్మ గారి భక్తి అంతా కూరుకుపోయి ఉంది.

నేను చాట పక్కన పెట్టాను. "గంట కూసోండ్రి సారూ. కిరసనాయిలుతోని కడిగితె వదులైతది," అన్నాను.

"ఏ, ఆగు!" అన్నాడు బాపు. "పూజ చేసిన ఆయుధమది. బొట్టు పెట్టిన చెయ్యే తుడ్వాలె. పరాయోళ్ళు తుడిస్తె ఆయుధం అలుగుతది."

"మా అమ్మకి డెబ్బయ్యయిదేళ్ళయ్యా. పసుపు తుడవటానికి బస్సెక్కి నిజామాబాదు వస్తుందా?" అన్నాడు సారు.

"అయితె దీపావళి అమాస దాక ఆగుండ్రి. అమాస ఎల్లినంక ఎవలు తుడిచినా దోషం లేదు."

"ఆగటానికి లేదు. చక్కెర ఫ్యాక్టరీలో గానుగ మొదలెడతారు. కోతలకి అవతల్నుంచి కూలీలు దిగుతారు. తెల్లారకుండా చెరకు బండ్ల వెనకాల ఒక్కణ్ణే పోవాలి. చేతిలో ఏదో ఒకటి ఉండాలా వద్దా?"

ఆ కూలీలను నేను చూశాను. మరాఠీలో పాటలు పాడుకుంటూ, చంకలో పిల్లలనూ నెత్తిన మూటలనూ మోసుకుంటూ వస్తారు. వాళ్ళను చూసి ఈయనకు భయం. ఈయన చేతిలో రివాల్వరు చూసి ఎవరైనా భయపడాలంటే అది ఈయన పక్కన నడిచేవాడే.

బాపు గడ్డం గోక్కున్నాడు. "పెట్టిపోండ్రి సారూ. వచ్చే శుక్రారం రాండ్రి. బొట్టు ముట్టకుంటనే జేస్త," అన్నాడు.

బొట్టు ముట్టకుండా ఎట్లా చేస్తాడో నాకు అర్థం కాలేదు. అడిగితే కసిరాడు. సరే, సారు పోయాక ఏటా చేసినట్టే చాటుగా నేనే కడిగేద్దాం, ఆయుధం అలిగితే నా మీదే అలగనీ అనుకున్నాను. ఆ సాయంత్రమే బోధన్ నుంచి కబురొచ్చింది, మా మేనత్త భూమవ్వకు జ్వరం అని. పొద్దున్నే వెళ్ళాను. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట ఇల్లు విడిచాను.

తిరిగొచ్చేసరికి బాపు గడపలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"అయిపోయింది," అన్నాడు. "మంచిగ తిరుగుతుంది సూడు. నువ్వు లేకుంటె పని ఆగదు బిడ్డా."

లోపలికి పోయి చూశాను. నిజమే, సిలిండరు గిరగిరా తిరుగుతోంది. బొట్టు బొట్టుగానే ఉంది. పసుపు ముద్ద ముద్దగానే ఉంది. బల్ల మీద మాత్రం ఇనుప రజను. ఈ మహానుభావుడు పసుపును ముట్టకుండా, పసుపుకు చోటివ్వడం కోసం గొట్టం వెనక అంచును ఆకురాయితో అరగదీశాడు!

నేను గిన్నెలో కిరసనాయిలు పోసి రివాల్వరును ముంచాను. బాపు "వద్దు, వద్దు" అని అరుస్తూనే ఉన్నాడు. పసుపంతా పోయాక పేపరు ముక్క తీసుకున్నాను. రెండు మడతలు దూరింది. మూడు దూరింది. నాలుగు మడతలు కూడా ధర్మసత్రంలోకి పోయినట్టు పోయింది.

"ఇగ సూడు బాపూ! ఇది సందా, దర్వాజనా?"

ఆయన అద్దాలు పైకెత్తి చూశాడు, దించి చూశాడు. అప్పుడన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"నేను జెప్పలే? నువ్వు బొట్టు కడిగినవ్. గందుకె అలిగి సందు వెరిగింది."

నవ్వాలో, గిన్నె నెత్తిన బోర్లించాలో తెలియలేదు. ఇనుము అలుగుతుందట! అలిగి అరుగుతుందట! ఆకురాయి చేసిన పని మాత్రం ఆకురాయి ఎరగదట!

అది అంతటితో పోయేదైతే నేను ఇంత గింజుకునేదాన్ని కాదు. మా దుకాణానికి తాత నాటి పట్టింపు ఒకటి ఉంది. చేసినవాడు తన చేత్తో ఒకసారి పేల్చందే తుపాకీ గడప దాటకూడదు. గిరాకీ ముందర, పెరట్లో ఇసుక బస్తాల మీద పేల్చాలి. పని సరిగా లేకపోతే ఆ దెబ్బ ముందు చేసినవాడికే తగలాలి. నిజాం కాలంలో దొరల తుపాకులు చేసిన తాత ఆ మాట మీదే బతికాడు. బాపు కూడా. నేను చేసిన పనులన్నింటికీ పేల్చింది ఆయనే, ఎందుకంటే ఊరి లెక్కలో చేసింది ఆయనే. ఇన్నాళ్ళూ నా పనికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నా పని తప్పలేదు కాబట్టి ఆ చెయ్యి ఇంకా ఉంది.

ఇప్పుడు ఆయన కుడిచెయ్యి వణుకుతుంది. అందుకని ఎడమచెయ్యి ముందుకు చాపి, రివాల్వరును కింద నుంచి దోసిలిలా పట్టుకుంటాడు. ఆ దోసిలి సరిగ్గా ఆ సందు కిందికే వస్తుంది. నాలుగు మడతల సందులోంచి చిమ్మే నిప్పు ఎక్కడికి పోతుంది? నేరుగా ఆ వేళ్ళలోకి. పదునైన సీసం తునకలతో సహా.

"శుక్రారం నాడు గిట్లనే పేలిస్తె నీ ఎడమచెయ్యి ఉండదు బాపూ," అన్నాను.

"ముప్పయేండ్ల సంది పేలుస్తున్న. నాకు జెప్పకు."

"ఒక్క చేత్తోని పట్టు అయితె."

"ఒక్క చేత్తోని పడితె వణుకుతుంది అంటరు."

అంటే చెయ్యి పోయినా పరవాలేదు, వణుకుతుందని ఎవరూ అనకూడదు. ఈ మగవాళ్ళ పరువు ఎక్కడ ఉంటుందో గానీ, చేతిలో మాత్రం ఉండదు.

ఇక చేసేదేముంది? పనిలో దిగాను. గొట్టాన్ని విప్పి, ఇంకో పూర్తి చుట్టు లోపలికి బిగించాలి. పూర్తి చుట్టే తిప్పాలి, లేకపోతే మొన మీదున్న గురిబిళ్ళ పక్కకు తిరిగి కూర్చుంటుంది. అట్లా లోపలికి తేవాలంటే గొట్టం భుజాన్ని, అంటే రివాల్వరు చట్రానికి ఆనుకునే అంచును, చుట్టూ సమంగా తగ్గించాలి. ఆ తర్వాత వెనక అంచు సిలిండరుకు తగులుతుంది కాబట్టి దాన్ని మళ్ళీ ఆకురాయితో రాయాలి, రెండు మడతల సందు వచ్చే దాకా, వెంట్రుక వాసి కూడా ఎక్కువ కాకుండా. ఒక పూట పసుపు కడగాల్సిన చోట వారం గొడ్డుచాకిరీ.

గొట్టం అసలు కదలనే లేదు. మరలలో దాని పుట్టుక నాటి తుప్పు. కిరసనాయిలు పోసి నానబెట్టి, వేడి చేసి, మళ్ళీ నానబెట్టి, చివరికి బల్ల మీది ఇనుప దవడల వైసుకు బిగించి నా బలమంతా పెడితే కిర్రుమంది. అంతసేపూ బాపు నా వెనకే. నెమ్మదిగా పట్టు, గట్టిగా పట్టు, అట్లా కాదు, మా నాయన ఇట్లా చేసేవాడు, ఆడమనిషి చేతికి పొగరు ఎక్కువ. పక్కింటి ఈరవ్వ మా గోడ అవతల బీడీలు చుట్టుకుంటూ అన్నీ వినేది. "తండ్రీబిడ్డల కొట్లాట ఇంటుంటె నాకు పొద్దే తెలుస్తలేదు చంద్రవ్వా, రోజూ కన్న నాలుగు కట్టలు ఎక్కువ చుడుతున్న," అంది. ఆమెకైనా లాభం.

గురువారం మధ్యాహ్నానికి పని ముగిసింది. పేపరు రెండు మడతలు జారినట్టు దూరింది. మూడో మడత దగ్గర ఆగిపోయింది. తూటాలు పట్టే ఆరు గదులూ ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఆరింటికీ అదే లెక్క. రాసిన చోట ఇనుము తెల్లగా మెరుస్తుంటే నూనె పూసి వేడి చేసి నల్లబరిచాను. నాకు నేనే మురిసిపోయాను. చేసినదాన్ని చూసి మురిసే మనిషి ఇంట్లో ఇంకొకరు లేరు కదా.

బాపు తీసుకుని తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. "బిగువున్నది," అన్నాడు.

"లేదు."

"వచ్చే దసరాకు ఆ ముసలామె మళ్ళ పసుపు వెడ్తది. మళ్ళ పట్టుకుంటది. జెర వదులు ఉంచాలె."

"పసుపు లోపల పెట్టద్దని సారుకు జెప్తె అయిపోతది గద."

"పూజ జెయ్యద్దని జెప్పేటంత పెద్దదానివైనవా?"

"పూజ జెయ్యద్దని ఎవలన్నరు? సందుల పెట్టద్దంటున్న!"

"ఒకటే."

ఒకటే అట. గోడకు చెప్పినా ఈపాటికి తలూపేది. రివాల్వరును చెక్కపెట్టెలో పెట్టేశాను. మాట్లాడితే నాకే రోగం వస్తుంది.

శుక్రవారం పొద్దున కూరగాయలకు అంగడికి పోయాను. తిరిగొచ్చేసరికి జగన్మోహనరావు సారు అప్పుడే దిగి ఉన్నాడు. పెరట్లో కుర్చీ వేయించుకుని, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. బాపు తెల్లటి అంగీ తొడుక్కుని, రివాల్వరులో ఒక తూటా పెట్టి, ఇసుక బస్తాల ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి అప్పటికే దోసిలి పట్టింది. గోడ అవతల ఈరవ్వ బీడీల చాట ఎత్తుకుని లోపలికి పోతూ, "పోచంపాడు డ్యాము కాడ బండలు వగులగొట్టినట్టు ఉంటది మీతోని," అని గొణుగుతోంది.

"కానియ్ మేస్త్రీ, మళ్ళీ బస్సు పోతుంది," అన్నాడు సారు.

నాకెందుకో మనసొప్పలేదు. పని నాదే, నమ్మకం ఉంది. అయినా ఆ దోసిలి మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

"ఆగు బాపూ. నూనె మరక ఉన్నట్టున్నది. తుడిచిస్త, ఇటియ్యి," అన్నాను.

ఆయన ఇవ్వనన్నట్టు వెనక్కి లాక్కున్నాడు. ఇవ్వకపోవడంతోనే నాకు అనుమానం వచ్చింది. చెయ్యి చాపి తీసుకున్నాను. కొంగుతో తుడుస్తున్నట్టు తుడుస్తూ గొట్టం వెనక అంచు చూశాను. నేను నల్లబరిచిన చోట తెల్లటి గీత. కొత్తగా రాసిన ఇనుము. సందులోంచి అవతల సారు గొడుగు పిడి కనిపిస్తోంది.

తలెత్తి బాపును చూశాను. ఆయన ఇసుక బస్తాల వైపు చూస్తున్నాడు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వారం రోజుల నా రెక్కల కష్టం, నేను అంగడికి పోయి వచ్చేలోపల, వంకాయలు ఏరేంతసేపట్లో, మళ్ళీ అరగదీశాడు. అరగదీసి, ఇప్పుడు ఆ దోసిలిని దాని కింద పెట్టబోతున్నాడు. గిరాకీ ముందర ఆపితే తండ్రి పరువు తీసిన బిడ్డనవుతాను. ఆపకపోతే ఆ వేళ్ళు ఉండవు. ఎవరి కోసం ఇదంతా? తెల్లవారుజామున బండ్ల వెనక భయపడే ఈ మనిషి కోసం!

"సారూ," అన్నాను గట్టిగా. "ఈ పని మా బాపు చెయ్యలే. నేను జేసిన. మా దుకాణంల చేసినోడే పేల్చాలె. నేనే పేలుస్త."

సారు నోరు తెరిచాడు. "నువ్వు చేశావా అమ్మాయ్? ఇదేం పరాచికం మేస్త్రీ?"

బాపు ముఖం నల్లబడింది. "గది పిచ్చిది సారూ. ఇటియ్యి బిడ్డా."

"ఇయ్య. నువ్వు చెప్పు బాపూ. గొట్టం విప్పిందెవలు? బిగించిందెవలు? నేనా, నువ్వా? నేనైతె నేనే పేల్చాలె. తాత మాట నీకూ నాకూ ఒక్కటే."

నేను బస్తాల వైపు తిరిగాను. ఆయన పట్టినట్టే పట్టాను. కుడిచెయ్యి పిడి మీద, ఎడమచెయ్యి దోసిలి చేసి సరిగ్గా ఆ సందు కింద. కావాలనే పట్టాను. ఆయన చూస్తాడని పట్టాను. నిజంగా పేల్చేదానివా అని తర్వాత ఈరవ్వ అడిగింది. ఆ కోపంలో పేల్చేదాన్నే. అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఎవరో ఒకరు పేల్చండయ్యా బాబూ, బస్సు..." అంటున్నాడు సారు.

రివాల్వరు వెనకున్న సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాను. టక్కుమంది. మీట మీదికి వేలు పోయింది.

"ఆగు!"

బాపు అంత గట్టిగా అరవడం నేను అమ్మ పోయిన రోజు తర్వాత వినలేదు. పరుగెత్తుకుంటూ వచ్చి నా ఎడమచేతిని పట్టి కిందికి లాగాడు.

"పేల్చకు బిడ్డా. పొద్దుగాల నేను మళ్ళ ఆకురాయితోని రాసిన. గది పాడైంది. నేనే పాడు జేసిన."

సారు కుర్చీలోంచి లేచాడు. నేను సుత్తిని మెల్లగా దించి, తూటా తీసి బాపు చేతిలో పెట్టాను. ఇసుక బస్తా మీదే కూర్చున్నాను.

సారు అప్పుడు చూపించాడు తన తడాఖా. "పాడు చేశావా? మా నాన్న రివాల్వరు! వారం తిప్పించుకుని పాడు చేశానని చెప్తావా? చెయ్యి పడిపోయిందని ముందే చెప్పి చావొచ్చుగా. రేపు మనిషిని పంపిస్తా, ఎలా ఉంటే అలా ఇచ్చెయ్యి. హైదరాబాదులో చేయించుకుంటా. మీ దుకాణం ఇహ మూసుకోవచ్చు." గొడుగు తీసుకుని, విసురుగా దుకాణంలోంచి రోడ్డు మీదికి పోయాడు.

పెరట్లో మేమిద్దరమే మిగిలాం. బాపు నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తెల్లంగీకి మట్టి అంటుకుంది. చాలాసేపు తూటాను అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు.

"నిజంగ పేల్చేదానివా?" అన్నాడు.

"పేల్చేదాన్ని. నువ్వు పేల్చకుంట ఉండేటోనివా?"

ఆయన తూటాను అంగీ కొసతో తుడిచాడు. "నీకు కోపం నాదే వచ్చింది," అన్నాడు. తల ఎత్తకుండానే, "చెయ్యి మాత్రం నా కన్న మంచిది వచ్చింది. నిన్న సూసినప్పుడు తెలిసింది నాకు. బిగువు లేదు, ఏం లేదు. మా నాయన జేసినట్టే ఉండె. తట్టుకోలేకపోయిన," అన్నాడు.

పన్నెండేళ్ళు నేను ఆ దుకాణంలో ఆకురాయి పట్టాను. ఆ మాట కోసం ఎన్నిసార్లు ఆయన ముఖం చూశానో నాకే తెలుసు. ఇప్పుడు, ఇట్లా, ఇసుకలో కూర్చుని, ఎవరూ లేనప్పుడు చెబుతాడా? ఏడుపూ వచ్చింది, దాన్ని మించి ఒళ్ళు మండింది.

"గీ మాట సారు ఉన్నప్పుడు అంటె నీ సొమ్మేం పోతుండె బాపూ?" అని అరిచాను. "పాడైందని గిరాకీ ముందట జెప్తివి. మంచిగ చేసిందని గోడకు జెప్తున్నవ్. ఇప్పుడు ఆయన పోయి ఊరంత ఏమని జెప్తడు? రాజలింగు పని అయిపోయింది అని జెప్తడు. దుకాణం మూతవడ్డది అని జెప్తడు!"

ఆయన నన్ను చూశాడు. చేతులు నేలకు ఆనించి లేచాడు. తూటాను జేబులో వేసుకుని, దుకాణంలోంచి బయటికి నడిచాడు. నీళ్ళు తాగడానికి పోయాడనుకున్నాను. అంతలో వీధిలోంచి కేక వినబడింది.

"రావు సారూ! ఓ రావు సారూ!"

నేను గడప దగ్గరికి పరుగెత్తాను. బస్సు ఎదురు అంగడి దగ్గర ఆగి ఉంది. సారు ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. మా బాపు రోడ్డు నడిమధ్యన నిలబడి, వణికే చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. రిక్షావాడు బెల్లు కొడుతున్నాడు, ఎడ్లబండివాడు తిడుతున్నాడు, ఆయన కదలడం లేదు.

"హైదరాబాదు పోకుండ్రి సారూ! పాడు జేసింది నేను! పదేండ్ల సంది మీ తుపాకి మంచిగ జేస్తున్నది మా చంద్రవ్వ! నేను గాదు, మా బిడ్డ! నా చేతులు వణుకుతయి! సూడుండ్రి, వణుకుతయి!"

అంగళ్ళలోంచి జనం తలలు బయటికి పెట్టారు. ఈరవ్వ బీడీల చాటతో సహా వాకిట్లోకి వచ్చింది. సారు మెట్టు మీద అట్లాగే నిలబడిపోయాడు. కండక్టరు ఎక్కుతావా దిగుతావా అని ఆయన్ని అడుగుతున్నాడు. బాపు మాత్రం రెండు చేతులూ చాపి, అటు తిరిగి ఒకరికి, ఇటు తిరిగి ఒకరికి చూపిస్తూ అదే మాట మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ, "చాలు బాపూ, లోపలికి రా, లారీ వస్తున్నది," అని అరుస్తున్నాను. ఈ మనిషి నా మాట ఏనాడు విన్నాడు గనక.